సారు అడిగే రెండు ప్రశ్నలు

సారు చనిపోయారని నాకు చెప్పింది రజియా. రాయచోటిలో నేను పనిచేసే బడిలో మొదటి గంట కొట్టకముందే ఫోన్ చేసింది. "మే, సారు లేరు. తెల్లారి నమాజుకని లేచి, కాళ్లు చేతులు కడుక్కుంటా ఆడ్నే కూలబడినారంట. సాయంత్రం తీసుకపోతారు. బిరీన బస్సెక్కు" అంది. ఏడుస్తోంది. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ఈ కబురు కూడా ఆ పిల్లకే ముందు తెలిసిందా అనిపించింది. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ సారు గురించి రాసేటప్పుడు అబద్ధంతో మొదలుపెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆయన కడపలో మాకు డిగ్రీలో చరిత్ర చెప్పారు. మా నాయన బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో కూలి. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేను. పేపరు చదవడం అలవాటు చేసింది సారే. చదివేసిన పేపరు మడిచి ఇచ్చేవారు. నాకు నిన్నటిది, రజియాకు ఈ రోజుది. రజియాను "బేటీ" అనేవారు, నన్ను "అమ్మా" అనేవారు. ఇలాంటివన్నీ నేను లెక్కపెట్టుకునేదాన్ని.

శనివారం సాయంత్రం సారు ఇంటి వరండాలో వాదనలు జరిగేవి. ఒక్కటే బెంచీ. ఎవరైనా ఆలస్యంగా వస్తే "జరగండి, ఇంగొకరికి చోటియ్యండి" అనేవారు. రజియా మొదటిరోజు ఆలస్యంగా వచ్చింది. జరిగింది నేనే. అంతవరకూ సారు కుర్చీ పక్కన కూర్చున్నది కూడా నేనే.

వాదనకు సారు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరి అభిప్రాయం వాళ్లు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆయన వాటిని మార్చి పంచేవారు. మన చేతికి వచ్చిన కాగితం ఎవరిదో, వాళ్ల పక్షాన మనం మాట్లాడాలి. రాసిన మనిషి "ఔ, ఇది నా మాటే" అని ఒప్పుకునేదాకా కూర్చోనిచ్చేవారు కాదు.

ఆ ఏడు విషయం ఇరాక్. ఒకే మతమైనా వేరే తెగవాళ్లనే కారణంతో ప్రార్థనలో ఉన్నవాళ్లను బాంబులు పెట్టి చంపుతున్న తిరుగుబాటుదారుల మీదికి విదేశీ సైన్యాలు పోవచ్చా, కూడదా? పోవాలనే నేను రాశాను. మా నాయన ఏటా పీర్ల పండక్కి పీరును భుజాన ఎత్తుకుంటాడు. ఆ పీరు ఏ అమరుడి పేరున లేస్తుందో, ఆయన కోసం ఏడ్చినందుకే అక్కడ మనుషుల్ని చంపుతున్నారని సారు చెప్పినప్పుడు, మా నాయనను చంపుతున్నట్టే అనిపించింది నాకు. ఆపగలిగిన బలం ఉన్నవాడు ఊరికే చూస్తూ ఉండొచ్చా అని రాశాను.

రజియా కూడదని రాసింది. సారు మా ఇద్దరి కాగితాలూ మార్చారు.

"సార్, నాది నాకే ఇయ్యండి" అన్నాను.

"నీది నీకు తెల్సు కదమ్మా. తెలీనిది మాట్లాడు" అన్నారు. కూడదనే పక్షానికి ఆయన రెండు ప్రశ్నలు ఇచ్చారు. "పోయేటోణ్ణి రెండే అడగల్ల. పిలిచిందెవరు? తిరిగి పోయేదెప్పుడు?"

ఈ వాదనే, మార్చిన కాగితాలతోనే, కాలేజీలో పోటీగా పెట్టారు. గెలిచిన ఒక్కరిని సారు వెంట తిరుపతిలో జరిగే పోటీకి పంపిస్తారు. నేను కడప జిల్లా దాటి ఎరుగను. తిరుపతి కంటే కూడా, సారు పక్కన బస్సులో కూర్చుని పోవడం నాకు కావాలి. అది రజియాకు దక్కకూడదు.

అదే వారం రజియా రోజూ ఐదు గంటలకు సారు ఇంట్లోకి పోవడం చూశాను. వరండాలోకి కాదు, లోపలికి. విడిగా నేర్పిస్తున్నారనుకున్నాను. మూడోరోజు ఉండబట్టలేక పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. సారు భార్య చూసి పిలిచింది.

"ఏంది దొంగమాదిరి నిలబడ్తావు, లోపలికి రా. ఆ పిల్ల చూడు, ఫోన్ ముందర కూర్చోనుండాది. వాళ్ల నాయన కువైట్లో లారీ తోల్తాడు కదా, ఇరాక్‌కు సరుకు తీసుకపోయినాడంట. పన్నెండు దినాలాయ, ఫోనే లేదు. ఈ నంబరుకే చేస్తాడు."

రజియా తల ఎత్తలేదు. అప్పుడు నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకాలే, సారు ఇంట్లో ఆ పిల్లకొక కుర్చీ ఉంది, నాకు లేదు అన్న మాట కూడా వచ్చింది.

పోటీ రోజు హాలు నిండింది. చివర్లో నేను కాగితంలో లేని మాట అన్నాను. "సైన్యం వెనకాల లారీలు పోతాయి. ఆ లారీ తోలేది మన జిల్లా మనిషి. పన్నెండు రోజులు దాటింది, ఫోన్ లేదు. ఆయన కూతురు ఈ హాల్లోనే ఉంది. ఏ దేశం వచ్చి ఆమెకు జవాబు చెప్తుంది?"

చప్పట్లు ఆగలేదు. రజియా లేచి మైకు పట్టుకుంది. "మా నాయన లారీలో ఉండేది తుపాకులు కాదు. బియ్యం, నీళ్లు. అవి ఆకలైనోళ్లకు చేరల్లంటే దారిలో ఎవరో ఒకరు కాపలా ఉండల్ల" అంది. అంతే, కూర్చుంది. అది నేను రాసిన కాగితంలో మాట కాదు. దానికంటే మంచిది. తిరుపతికి మాత్రం నన్నే ఎంపిక చేశారు.

సాయంత్రం సారు వరండాలో ఒక్కరే ఉన్నారు. మెచ్చుకుంటారని పోయాను.

"బాగా మాట్లాడినావమ్మా. ఆ మాట వాడుకుంటానని ఆ పిల్లను అడిగినావా?"

"లేదు సార్."

"మరి మన మొదటి ప్రశ్న ఏమాయ? ఆ పిల్ల బాధలోకి నిన్ను పిలిచిందెవరు?"

లోపలినుంచి టీ తెప్పించారు. గ్లాసు అట్లే పెట్టి వచ్చేశాను.

నాలుగురోజులకు రజియా నాయన ఫోన్ చేశాడు. సరిహద్దులో లారీలన్నీ ఆపేశారంట. ఆ మాట చెప్పడానికి రజియా మా ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. నేనైతే పోయేదాన్ని కాదు.

తిరుపతి బస్సులో సారు కిటికీ పక్క సీటు నాకిచ్చారు. ఒంటిమిట్ట గోపురం దాటినాక ధైర్యం చేసి అడిగాను. "సార్, ఎంపిక మీ చేతిలో ఉంటే ఎవరిని పంపేవాళ్లు?"

"రజియానే" అన్నారు, వెంటనే. నా మొహం చూసి నవ్వారు. "నీకు గెలవల్లని ఉండాది. ఆ పిల్లకు తెల్సుకోవల్లని ఉండాది. నీకు ఆ రెండోది నేర్పిద్దామనే గదా నేనూ బస్సెక్కింది."

"మీరేమంటారు సార్? పోవల్నా, వద్దా?"

"పొద్దున పేపరు చూస్తే పోవల్ల అనిపిస్తాది. నమాజులో ఉండేటోణ్ణి చంపేటోడు నా మతం పేరు చెప్తాంటే నాకు అన్నం దిగదు. సాయంత్రం రజియా ఫోన్ ముందర కూర్చుంటే వద్దు అనిపిస్తాది. నాకు తెలీదమ్మా. తెలీదని చెప్పనీకి నాకు యాభై ఏండ్లు పట్టె."

తిరుపతిలో నేను రజియా నాయన మాట ఎత్తలేదు. బహుమతి రాలేదు. తిరుగు బస్సులో సారు "ఈ రోజు అన్నీ నీ మాటలే" అన్నారు. నన్ను ఆయన మనసారా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను ఇప్పటికీ, చంపేవాణ్ణి ఆపాలనే అనుకుంటాను. కానీ ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాణ్ణి నమ్మను. మా బడి పిల్లల చేత కాగితాలు రాయించి, మార్చి పంచుతున్నాను.

నేను కడప చేరేసరికి జనం వీధంతా ఉన్నారు. వరండాలో బెంచీ మీద రజియా కూర్చుని ఉంది, సారు కుర్చీ పక్కన. నన్ను చూసి జరిగింది. కూర్చున్నాను.

సారును పడుకోబెట్టిన జనాజా ఎత్తారు. ముందు కర్ర రజియా నాయన భుజం మీద ఉంది. కువైట్ వదిలేసి వచ్చినాక ఆయన ఇక్కడే ఆటో తోలుతున్నాడు. ఆ భుజాన్ని కూడా నేను లెక్కపెట్టుకున్నాను. అంతలో మా నాయన కనిపించాడు. ఫ్యాక్టరీ నుంచి అట్లే వచ్చినట్టున్నాడు, తల మీద, చొక్కా మీద, చేతుల నిండా బండల దుమ్ము. దగ్గరికి పోవడానికి జంకుతున్నాడు.

"రాప్పా, ఆడే నిలబడినావే" అన్నాడు రజియా నాయన.

"ఒళ్లంతా దుమ్మప్పా. కడుక్కోని వస్తా."

"సారుకు తెలీని దుమ్మా నీది? రా, నేను జరుగుతా."

ఆయన జరిగాడు. మా నాయన, పీరును ఎత్తుకునేటప్పుడు వంగినట్టే వంగి, భుజం కిందికి పెట్టాడు. జారకుండా ఒక చెయ్యి జనాజా మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డకు ఆనించాడు. పది అడుగులు పోయినాక ఇంకొకరికి చోటిచ్చి పక్కకు వచ్చాడు. గుడ్డ మీద బూడిదరంగులో ఐదు వేళ్ల గుర్తు ఉండిపోయింది.

"మే, అది మీ నాయన చెయ్యే కదా" అంది రజియా.

"ఔ, మా నాయనదే" అన్నాను. వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం ఆ చెయ్యి గుర్తునే చూస్తూ నిలబడ్డాం.