జూలు కుక్కను దువ్వే పెద్దాయన

సాల్ట్ లేక్‌లో మా జూలు కుక్కను దువ్వడానికి ఊరి ఆ చివర ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఒకప్పుడు ఓడరేవులో మూటలు మోసిన శ్రీకాకుళం మనిషి. పాయలు విడదీసి, చర్మం కనిపించేదాకా దువ్వేవాడు. "పైపైన దువ్వితే ఏటి లాభం బాబూ? లోపల ఉండలు కట్టేస్తాది" అనేవాడు.

మా అపార్ట్‌మెంట్‌లో కుక్కలు లిఫ్టెక్కొచ్చు. పనివాళ్లు మాత్రం మెట్లెక్కాలి. ఏం నీతి ఇది! ఆయనవి వాచిన మోకాళ్లు, మాది ఆరో అంతస్తు.

ఒకరోజు నేను, ఆయన, కుక్క, ముగ్గురం కింద నుంచి వస్తున్నాం. ఆయన మెట్లవైపు తిరగగానే కుక్క ఆగిపోయింది. గొర్రెలను కాసే జాతి, మందలో ఒక్కరు విడిపోయినా ఊరుకోదు. ఆయన చుట్టూ తిరిగి, ముక్కుతో పిక్కలు పొడుస్తూ లిఫ్టు దాకా తోలుకొచ్చింది.

"దాదా, మీరు మెట్లు" అన్నాడు లిఫ్టు దగ్గరున్న బెంగాలీ గార్డు.

గార్డును తిట్టుకుని ఏం లాభం? గొలుసు పట్టి కుక్కను లిఫ్టులోకి లాగింది నేనే.