ఇందాకే విన్న కథ

"కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోవాలి" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నార్త్ కరోలినాలో ఎమ్మెస్ చేసిన రోజుల్లో ఆ సలహా నాకు ఇవ్వనివాళ్ళు లేరు. యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో ఒక పెద్దావిడ, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడమనీ, ఇంకాస్త నవ్వమనీ చెప్పింది. నా ప్రయోగంలో కణాలన్నీ ఎలా చచ్చిపోయాయో చెబుతూ పళ్ళికిలించాలా? అడగాలనుకున్నాను, అడగలేదు. ఈ వర్క్‌షాపులన్నీ మాట్లాడేవాళ్ళకే పెడతారు. వినేవాళ్ళు కాస్త ఓపిగ్గా వినడం నేర్చుకోవాలని ఎవరూ ఎక్కడా ఒక్క క్లాసు పెట్టగా నేను చూడలేదు.

ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడిపోతున్న కాలం అది. మా ప్రొఫెసర్‌కి వచ్చే గ్రాంటు ఆగిపోయింది. వేసవి నుంచి ల్యాబ్‌లో నాకు చోటు ఉండదని ఆయన ముందే చెప్పేశారు. మోరిస్‌విల్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో ఎవరిని కదిపినా ఒకటే పాట: బయాలజీకి జాబ్స్ లేవు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, ఉద్యోగం సంగతి కన్సల్టెన్సీ వాళ్ళు చూసుకుంటారు. నాకు మైక్రోస్కోపు వదలడం ఇష్టం లేదు. దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ వేసవి ఇంటర్న్‌షిప్‌కి పిలిచింది. అది వస్తే చదువైపోయాక అక్కడే ఉద్యోగం దొరకొచ్చు. రాకపోతే సైన్సుకి దణ్ణం పెట్టి టెస్టింగ్‌కి పోవడమే.

పై అంతస్తులో ఒక సీనియర్ ఉండేవాడు. వరంగల్ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా అందరికీ అన్న. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన హాల్లో మాక్ ఇంటర్వ్యూలు జరిగేవి. ఆయన సోఫాలో కూర్చుని అమెరికన్ మేనేజర్ అవతారం ఎత్తేవాడు. మేము ఒక్కొక్కరమే ఎదురుగా మడత కుర్చీలో కూర్చుని జవాబులు చెప్పేవాళ్ళం. సైన్సులో ఆయనకి ఓనమాలు తెలియవు గానీ ఇంటర్వ్యూలు మాత్రం కొట్టిన పిండి.

పై అధికారితో నీకు అభిప్రాయభేదం వచ్చిన సందర్భం చెప్పు. ఇది ఆ ఇంటర్వ్యూల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న, మేమంతా బోల్తా పడేదీ అక్కడే. సారు ఎదుట నోరెత్తకపోవడమే మర్యాద అని నేర్చుకుని వచ్చినవాళ్ళం కదా. నాకంటే ఒక సెమిస్టర్ వెనక చేరిన విజయవాడ కుర్రాడు ఒకడుండేవాడు. నా డిపార్ట్‌మెంటే, అదే ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేశాడు. అతను ఆ ప్రశ్నకి "నెవర్, సర్" అని గర్వంగా జవాబు చెప్పాడు. అన్న తల పట్టుకున్నాడు.

"నాకు వచ్చింది" అన్నాను నేను. తెలుగులోనే చెప్పాను.

మా ల్యాబ్‌లో సీసాల్లో పెంచే కణాలు ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. కొత్తగా చేరింది నేను కాబట్టి తప్పు నాదేనని తేల్చేశారు. ల్యాబ్‌లో నా పై మనిషి నా చేతుల వైపు అదోలా చూసేవాడు. ఒకరోజు నాకు మా అమ్మ పాలగిన్నె గుర్తొచ్చింది. ఆ గిన్నెని అమ్మ మిగతా అంట్లలో వేయనివ్వదు. సబ్బు మిగిలిపోతే పాలు విరుగుతాయని వేడినీళ్ళతో తనే కడుక్కుంటుంది. మా ల్యాబ్ సీసాలు కడిగే గదిలోకి ఈమధ్యే కొత్త సబ్బు వచ్చింది. సరే చూద్దామని సగం సీసాలు మామూలుగా కడిగినవి తీసుకున్నాను. మిగతా సగం వేడినీళ్ళతో నేనే మళ్ళీ మళ్ళీ జాడించాను. రెండు రకాల్లోనూ కణాలు పెంచాను. నేను జాడించిన సీసాల్లో అవి హాయిగా బతికాయి. ప్రొఫెసర్ బల్ల మీద రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి, తప్పు నా చేతులది కాదు, మీ సబ్బుది అన్నాను. ఒక సారు ఎదుట నేను గొంతు పెంచడం అదే మొదలు. ఆయన సీసాలు ఎత్తి వెలుతురులో చూసి ఒప్పుకున్నారు.

అన్న సోఫాలో ముందుకు జరిగాడు. "అరె, ఇది బంగారమమ్మా! కాన్‌ఫ్లిక్ట్ క్వశ్చన్‌కి ఇంతకంటే మంచి స్టోరీ దొరకదు. కానీ నువ్వు ఇట్ల నిమ్మలంగ చెప్తే వాడు నిద్రపోతడు. ఆ పాలగిన్నె ముచ్చట తీసెయ్. ఇంట్ల సంగతులు ఇంటర్వ్యూల చెప్పొద్దు."

ఆయనే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, సమస్య ఏమిటి, నువ్వేం చేశావు, ఫలితం ఏమిటి అని ముక్కలు చేసి, ఎక్కడ ఆగాలో ఎక్కడ నవ్వాలో కూడా చెప్పాడు. నా చేత అప్పజెప్పించాడు. ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ మొత్తం బట్టీ పట్టినదాన్ని, ఇదెంత? ప్రతి ఆదివారం నేను ఆ కుర్చీలో కూర్చుని వల్లిస్తుంటే గోడవారన కూర్చున్నవాళ్ళ పెదవులు కూడా కదిలేవి. ప్రాక్టీసు కదా అనుకున్నాను.

ఇంటర్వ్యూకి ఆ విజయవాడ కుర్రాడి కారులోనే వెళ్ళాను. నాకు కారు లేదు. ముందు అతని వంతు, తర్వాత నాది. లాబీలో కూర్చుని ఉండగా అతను నవ్వుతూ బయటికొచ్చి, "పర్లేదక్కా, మంచోడే" అన్నాడు.

నెరిసిన గడ్డం ఉన్న శాస్త్రవేత్త ఒకాయన నన్ను లోపలికి పిలిచాడు. కణాల గురించి, మైక్రోస్కోపు గురించి అడిగినంతసేపూ బాగానే సాగింది. నా జవాబులకి తలూపాడు కూడా. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. నేను కళ్ళలోకి చూసి, చెప్పినచోట నవ్వి, మొదలుపెట్టాను. మూడో వాక్యానికి ఆయన పెన్ను కింద పెట్టాడు. నా నాలుగో వాక్యం ఆయనే పూర్తి చేశాడు.

"సారీ, ఈ కథ ఇందాకే విన్నాను" అన్నాడు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

అది నాది, అది చేసింది నేనే అన్నాను. కోపం వస్తే నాకు ఇంగ్లీషు పోతుంది. మదర్ అన్నాను, మిల్క్ అన్నాను, సోప్ అన్నాను. ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన లేదు. కెరీర్ సెంటర్‌లో ఆ పెద్దావిడ నేర్పిన నవ్వు మాత్రం ముఖం మీద అలాగే అతుక్కుపోయి ఉందని తర్వాత తెలిసింది. ఆయన జాలిగా చూసి మంచినీళ్ళ సీసా నా వైపు జరిపాడు. ఇంకో ప్రశ్న అడగలేదు.

తిరిగొస్తుంటే కారులో నిలదీశాను.

"నా సబ్బు సంగతి చెప్పావా నువ్వు?"

"చెప్పానక్కా. భలే నచ్చిందాయనకి."

"అది నాకు జరిగింది! నువ్వు నీకు జరిగినట్టు ఎలా చెప్తావు?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అన్న అందరికీ ప్రాక్టీస్ చేయించాడు కదక్కా. అది మనందరిదీ అనుకున్నా."

పరీక్షకి ఒకే గైడు చదివి అందరం ఒకే జవాబు రాసి పాసైనవాళ్ళం. అతనికి అందులో దొంగతనం కనిపించలేదు. నాకు మాత్రం అదే కనిపించింది. అన్నని అడిగితే, "నీకు వేరే స్టోరీ లేదా?" అని నన్నే తప్పుపట్టాడు.

కొన్నాళ్ళకి ఇద్దరికీ మెయిల్స్ వచ్చాయి. అతనికి ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. నాకు సబ్జెక్టు బాగా తెలుసట, కానీ జవాబులు బట్టీ పట్టినట్టున్నాయట, కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోవాలట. చదివి లాప్‌టాప్ మూత దభాలున వేశాను. ఇద్దరు ఒకే కథ చెప్తే ముందు చెప్పినవాడిది నిజం, వెనక చెప్పినదానిది కాపీ. ఏం న్యాయం ఇది? గడగడా చెప్పినవాడు ప్రయోగం చేసినవాడు, తడబడింది దొంగ. ఆయన శాస్త్రవేత్త! రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూడటమే పనిగా బతికే మనిషి. మా ఇద్దరినీ అలా చూడాలని ఆయనకి తోచలేదు. అసలు నీకా ఆలోచన ఎలా వచ్చింది అని చెరో ప్రశ్న వేసుంటే అక్కడికక్కడే తేలిపోయేది. అంత గొప్ప కంపెనీలో ఆ ఒక్క ప్రశ్నకి తీరిక లేకపోయింది.

సెమిస్టర్ అయిపోగానే కన్సల్టెన్సీ వాళ్ళు టెక్సాస్ రమ్మన్నారు. ఆ వేసవంతా కాపెల్‌లో గెస్ట్‌హౌస్, అక్కడే టెస్టింగ్ ట్రైనింగ్. ల్యాబ్‌లో నా తెల్లకోటు వేరేవాళ్ళకి ఇచ్చేసి వచ్చి సూట్‌కేస్ సర్దుకుంటున్నాను. తలుపు కొట్టారు. చూస్తే ఆ విజయవాడ కుర్రాడు. మెడలో కంపెనీ ఐడీ కార్డు, ముఖంలో కంగారు.

"అక్కా, ఒక్క హెల్ప్ చేయవా? ఆ సబ్బు ఎక్స్‌పరిమెంట్ రేపు టీమ్ మొత్తానికి ప్రెజెంట్ చేయమన్నాడు మా మేనేజర్. సబ్బు మీదే అనుమానం ఎందుకొచ్చిందో దాంతోనే మొదలుపెట్టమన్నాడు. అన్న ఆ పార్ట్ చెప్పలేదు. ఏదో పాలనీ గిన్నెలనీ అన్నావు కదా అప్పుడు, నేను సరిగ్గా వినలేదు."

చేతిలో ఉన్న చీర మడతపెట్టి సూట్‌కేస్‌లో పెట్టాను. మూత వేసి జిప్పు లాగాను. అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"నన్నడుగుతావేంటి తమ్ముడూ? అది నీకు జరిగింది కదా, నువ్వే చెప్పు" అన్నాను.