సెల్లుల కోసం వెళ్ళిన ఐదు నిమిషాలు

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయి ఉంటుంది. పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేస్తుండేదాన్ని. మా ఆయనకు బజారులో ఇనుప సామాన్ల అంగడి. నా జీతంలో మిగిల్చుకున్న దానితో, ఎవరినీ అడగకుండా, నాకోసం కొనుక్కున్న మొదటి వస్తువు ఒక డిజిటల్ కెమెరా.

మదనపల్లెలో అంగడాయన దాన్ని చేతికిచ్చి, రోడ్డవతల మేడమీది నీళ్ళ ట్యాంకు వైపు తిప్పమన్నాడు. మీట నొక్కేకొద్దీ లెన్సు ముందుకు జరిగి, ట్యాంకు మీద వాలిన కాకి కన్ను కూడా తెర మీదికి వచ్చింది. "ఈ రేటుకు ఇంత జూమ్ ఇంగ దేంట్లోనూ లేదమ్మా" అన్నాడు. అది నిజమే. ఆయన చెప్పనివి ఇంటికొచ్చాక తెలిశాయి. బ్యాటరీ సెల్లులు నాలుగు వేస్తే ముప్పై ఫోటోలకే ఖాళీ అయ్యేవి. నొక్కిన తర్వాత ఒక క్షణం ఆగి గానీ ఫోటో పడేది కాదు. బడి ఆటల పోటీలో గెలిచిన పిల్ల ఫోటో తీస్తే, ఉత్త రిబ్బనూ దుమ్మూ వచ్చాయి. బాగా దూరానికి లాగినప్పుడు మోచేతులు పిట్టగోడకు ఆనించకపోతే అంతా అలికినట్టు ఉండేది. అయినా ఆదివారం వస్తే దాన్ని తీసుకుని మిద్దెక్కేదాన్ని.

ఇంట్లో దానికి చిక్కని మనిషి మా మామ ఒక్కడే. ఒకప్పుడు పట్టుగూళ్ళ వ్యాపారం చేసి, పల్లెపల్లె తిరిగి రైతుల దగ్గర గూళ్ళు కొన్న మనిషి. అత్త పోయాక మా దగ్గరే ఉన్నాడు. మా పెళ్ళి ఫోటోల్లో కూడా ఆయన ముఖం పడలేదు; నేను కెమెరా ఎత్తితే చేయి అడ్డం పెట్టేవాడు. "యాలమ్మా, దండ ఎయ్యడానికా? ఇంగా ఉండాను గదా!" అని నవ్వేవాడు. అందుకే ఒకరోజు మిద్దె మీది నుంచి, ఎదురుగా టీ అంగడి అరుగు మీద ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చుని ఎవరితోనో నవ్వుతున్నప్పుడు, ఆయనకు తెలియకుండా నాలుగు తీశాను. జూమ్ చివరికి వెళ్ళాక కూడా మీట వదల్లేదు. తెర మీద గీత ఎర్రగా మారింది. అక్కడి నుంచి దగ్గరకు లాగేది లెన్సు కాదని, ఉన్న బొమ్మనే కెమెరా సాగదీస్తుందని నాకు తెలియదు.

ఆ ఏడాదే ఆయనకు మరుపు మొదలైంది. అన్నం తిన్న సంగతి మరిచిపోవడం, కాళ్ళకు వేసుకున్న చెప్పుల కోసమే ఇల్లంతా వెతకడం. కంట్లో పొర కూడా వచ్చిందంటే, ఒక శనివారం మదనపల్లెకు కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చూపించుకుని బస్టాండుకు వచ్చాం. బస్సుకు ఇంకా సమయం ఉంది. దూరంగా హార్సిలీ కొండ మీద మబ్బు దిగుతోంది. కెమెరా తీశాను, సెల్లులు అయిపోయాయి. రోడ్డవతలే ఫ్యాన్సీ అంగడి.

"మామా, ఈడనే కూసోండి. లెయ్యొద్దండి. ఇట్ల పొయ్యి అట్ల వొచ్చేస్తా."

"పొయ్యిరామ్మా. నేను యాడికి పోతాను?"

తిరిగి వచ్చేసరికి బెంచీ మీద ఒక టమోటాల గంప, దాని పక్కన ఎవరో ఆడమనిషి. మామ లేడు.

మొదట మూత్రానికి వెళ్ళుంటాడనుకున్నాను. తర్వాత ప్రతి బస్సూ ఎక్కి దిగాను. "తెల్లపంచె, చారల తువ్వాలు, పెద్దాయన" అని అడిగితే, అందరూ తెల్లపంచె పెద్దాయనలనే చూపించారు. ఫోను బూత్‌లోంచి మా అంగడికి ఫోన్ చేసి, "మీ నాయన కనపడలేదు" అన్నాను. "నువ్వు యాడికి పొయ్యినావు?" అని మా ఆయన అడిగాడు. "మంచినీళ్ళు తెద్దామని" అన్నాను. ఆ అబద్ధం ఎందుకు ఆడానో నాకే తెలియదు. సెల్లులు గుప్పిట్లోనే ఉన్నాయి.

పోలీసు స్టేషన్లో వివరాలు రాసుకున్న కానిస్టేబులు ఫోటో అడిగాడు. కొత్త సెల్లులు వేసి కెమెరా తెర మీద చూపించాను. "అగ్గిపెట్టంత దాంట్లో ఏం కనపడతాదమ్మా? కాగితం మీద తీసుకోని రా" అన్నాడు. ఆ వీధిలో రెండు స్టూడియోలకు వెళ్ళాను. ఇద్దరూ కార్డును అటూ ఇటూ తిప్పి, ఈ రకం కార్డు తమ మిషన్లో పట్టదన్నారు. కేబుల్ పుంగనూరులో, బీరువాలో ఉంది. మామ తప్పిపోయిన ఊరిని వదిలి, కేబుల్ కోసం ఇంటికి బస్సెక్కాల్సి వచ్చింది. ఆ బస్సులో కూర్చున్నంతసేపూ రోడ్డు మీద కనపడ్డ ప్రతి తెల్లపంచెనూ తొంగి చూశాను.

పుంగనూరులో నెట్ సెంటర్ నడిపే అమ్మాయి కేబుల్ పెట్టి, సీడీ వేసి, మూడుసార్లు ప్రయత్నించాక ఫోటోలు తెరుచుకున్నాయి. నాలుగింటిలో ఒకదానికి మోటారు సైకిలు అడ్డం వచ్చింది. రెండింటిలో ముఖం పక్కకు తిరిగింది. మిగిలిన ఒక్కదానిలో నవ్వుతున్నాడు. తెర నిండా పెంచేసరికి ఆ నవ్వు చెదిరిపోయింది. కళ్ళున్న చోట రెండు మచ్చలు, నోరున్న చోట ఒక చార. నూనె కాగితం వెనకాల మనిషిలా ఉన్నాడు.

"అక్కా, ఇంగ దీనికన్నా స్పష్టంగా రాదు" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"మా ఇంట్లో మనిషి. ఒక్క మంచి ఫోటో లేదు" అని అక్కడే ఏడ్చాను.

ఆ మసక ముఖాన్నే, కూర్చున్న తీరు కూడా కనపడేలా, నూరు కాగితాల మీద కొట్టించి, మా ఆయనా నేనూ రెండు రోజులు మదనపల్లె, నిమ్మనపల్లె, పుంగనూరు తిరిగి బస్టాండుల్లో, టీ అంగళ్ళలో అంటించాం. చూసినవాళ్ళు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "ఎవురన్నా కావొచ్చు గదా ఇది" అనేవాళ్ళు.

మూడోరోజు సదుం నుంచి ఫోను. ఇలాంటి పెద్దాయన ఒకరు బస్ షెల్టర్లో పడుకుని ఉన్నాడని. ఆటోలో వెళ్ళాం. దూరం నుంచి చారల తువ్వాలు చూసి, మా ఆయన "నాయనా!" అని పరిగెత్తాడు. ఆ మనిషి లేచి కూర్చున్నాడు. మామ కాదు. గడ్డం పెరిగి, పెదవులు పగిలి ఉన్నాయి. నా చేతిలోని కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనమ్మా" అన్నాడు.

"కాదు తాతా. మా మామ."

"నేనే. సరిగా సూడు. నేనే గదా?"

మా ఆయన మొహం తిప్పుకున్నాడు. పక్క హోటల్లో ఇడ్లీలు కట్టించి ఆయన ముందు పెట్టాను. ఆ పొట్లం విప్పకుండా ఆయన ఆటో వైపే చూస్తూ ఉన్నాడు. స్టేషన్లో ఆయన గురించి చెప్పి వచ్చాం. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

నాలుగోరోజు పొద్దున పుంగనూరు బస్టాండులో అంటించిన కాగితం ముందు ఒక కండక్టరు నిలబడ్డాడు. "ముఖమైతే తెల్దు గానీ, ఇట్ల ఒక మోకాలు పైకి పెట్టుకోని కూసునే పెద్దాయన శనివారం నా బస్సులో వొచ్చినాడు. కుప్పానికి టికెట్టు తీసుకున్నాడు. గూళ్ళ మార్కెట్టు కాడ దింపప్పా అన్నాడు" అని చెప్పాడు.

ఆ బస్సు మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగానే పోతుంది. మా వీధి మొగలోనే ఆగుతుంది. ఆయన కిటికీలోంచి సొంత ఊరిని చూస్తూ ముందుకు వెళ్ళిపోయాడన్నమాట.

కుప్పం బస్సులో, వి.కోట దాటాక, మా ఆయనకు నిజం చెప్పాను. నీళ్ళ కోసం కాదు, సెల్లుల కోసం వెళ్ళానని. ఆయన ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, కుప్పం వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

గూళ్ళ మార్కెట్టు వెనక సందులో పట్టుదారం తీసే ఇళ్ళున్నాయి. ఉడికిన గూళ్ళ వాసన సందు మొదట్లోనే తగిలింది. మూడో ఇంటి వాకిట్లో, చాప మీద, గూళ్ళ రాశి ముందు ఒక మోకాలు పైకి పెట్టుకుని మామ కూర్చుని ఉన్నాడు. మరక పడ్డ గూళ్ళను ఒకవైపు, మంచివి ఒకవైపు వేస్తున్నాడు. కన్ను సరిగా కనపడకపోయినా, వేళ్ళతో నొక్కి చూసి తప్పు లేకుండా ఏరుతున్నాడు. పాదాలు రెండూ వాచి ఉన్నాయి.

నేను చాప మీద కూలబడి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఎవురమ్మా నువ్వు?"

మా ఆయన వంగి, "నాయనా, నేను" అన్నాడు. మామ తేరిపార చూసి, "గూళ్ళు అమ్మనీకి వొచ్చినావా అప్పా? ఈ పొద్దు రేటు లేదు, రేపు రా" అన్నాడు.

ఆ ఇంటామె నడివయసు మనిషి, ఒంటరిగా దారం తీసుకుని బతుకుతోంది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. "మార్కెట్టు గేటు కాడ ఎండలో కూసోనుండాడు. అన్నం పెడితే తిన్నాడు. ఊరేదని అడిగితే పొద్దుకొక ఊరు సెప్తాడు, నేనెవురికని కబురు సేసేది? పని ఇస్తే నిమ్మళంగా ఉండాడు" అంది.

తీసుకెళ్ళబోతే మామ రాలేదు. చేయి పట్టుకుంటే గోడకు ఒదిగిపోయి, "ఈళ్ళెవురో నన్ను ఎత్తకపోతాండారమ్మా" అని ఆమె కొంగు పట్టుకున్నాడు. నలుగురూ పోగయ్యారు. మా ఆయన సందులో నిలబడి చేతులతో ముఖం కప్పుకున్నాడు. చివరికి ఆమె పొయ్యి ఆర్పేసి, తలుపుకు తాళం వేసింది. "రాప్పా, నేనూ వొస్తాండాను. అందరం పోదాం" అంది. ఆమె చెబితే లేచాడు.

బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాడు. మేము వెనక సీట్లో. పుంగనూరులో దిగాక కూడా ఆమెతోనే ఇంట్లోకి వచ్చాడు. ఆమె రెండు రోజులు మా ఇంట్లో ఉంది. ఆయనకు నేను వడ్డిస్తే ముట్టేవాడు కాదు. ఆమె నా చేతికి గిన్నె ఇచ్చి, తన చేత్తో నా చేయి పట్టుకుని వడ్డించేది. "ఈయమ్మ కూడా మన మనిషే" అని ప్రతిసారీ చెప్పేది. రెండోరోజు సాయంత్రానికి నా చేతి ముద్ద ఒకటి తిన్నాడు.

మూడోరోజు పొద్దున, ఆయన వసారాలో కూర్చుని ఉండగానే, ఆమె చెప్పకుండా బయల్దేరింది. చెబితే పోనివ్వడని. మా ఆయన అప్పటికే అంగడికి వెళ్ళిపోయాడు, బస్సు దాకా నేను తోడు వెళ్ళాను. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. వేడినీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"పోమ్మా, ఇంటికి పో. ఆయప్ప ఒక్కడే ఉండాడు" అని ఆమె బస్సెక్కింది.

బస్సు కదలకముందే నేను ఇంటివైపు పరిగెత్తాను.