మొదలు పెద్దనాయనది, కొమ్మ చిన్నత్తది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. పండ్లతోటల చదువు ముగించుకుని కినత్తుకడవులోని మా ఇంట్లో దిగాను మరి! (ఆ చదువులో చుట్టాల గురించి ఒక్క పాఠమూ లేదని ఎవరూ చెప్పలేదు.) అప్పటికి బావి దగ్గరి జామచెట్టు ఎండుతెగులు సోకి చచ్చిపోయింది. అంటు కట్టడానికి పచ్చికొమ్మ కూడా మిగల్లేదు. ఆ రుచి మళ్ళీ నోటికి తగలదని మా అవ్వకు ఒకటే బెంగ. మిగిలిందల్లా చివరి పండ్ల గింజలు. గింజ నుంచి మొలిచిన మొక్క తల్లిలాగే కాస్తుందన్న నమ్మకం లేదనీ, ఒక్కోటి ఒక్కో తీరనీ, చాలా నాటి మంచిదాన్ని ఏరుకోవాలనీ నేను ఉపన్యాసం దంచాను. తోట పెత్తనం పెద్దనాయనది. కొబ్బరి పెట్టబోయే చోటే ఇస్తాననీ, కాపు చూశాక ఒక్క చెట్టు మాత్రం ఉంచి మిగతావి పీకేస్తాననీ అన్నాడు.

మా ఇళ్ళలో మొక్క నాటితే ఎవరిదో పేరు పెట్టి, వాళ్ళచేతే మొదటి చెంబు నీళ్ళు పోయించడం అలవాటు. పేరున్న చెట్టును ఎవరూ ఎండనివ్వరు. అందుకని నంబర్లు వేయాల్సిన రేకుముక్కల మీద చుట్టాల పేర్లు రాసి కట్టాను. అందరూ పోటీలు పడి నీళ్ళు పోశారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాపు వచ్చింది, కష్టాలు తెచ్చింది. పెద్దనాయన చెట్టు కాయలు పులుపు, గింజలు రాళ్ళు. సూలూరు మామవి పిందెల్లోనే పగిలిపోయేవి. నోరు తెరిస్తే కారమే రాలుతుందని పేరుపడ్డ చిన్నత్త చెట్టేమో తేనె. నాది అసలు పూయనే లేదు. ఏ చెట్టు మీద చెయ్యి వేసినా దాని మనిషి అలిగి అన్నం మానేసేవాడు. ఇక పెద్దనాయన ఎదుట పులుపన్న మాట ఎత్తే మగాడెవడు? చివరికి పేర్లు చెప్పకుండా ముక్కలు కోసి పళ్ళేల్లో పెట్టాను. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే కన్ను, బాయికాడి చెట్టు రుచి," అంది; నన్ను ముద్దుగా కన్ను అనేది. ఆ ముక్క చిన్నత్త చెట్టుది. పెద్దనాయన ఇంకో పళ్ళెంలోది కొరికి దవడ పట్టుకున్నాడు.

"దీన్ని మొదట పెరికి పారేయండి. ఎవరిది ఇది?"

అవ్వే మెల్లగా, "నీదే రా," అంది.

అంతటి మనిషీ చిన్నబోయాడు. నాకు నిజంగానే జాలేసింది. "దినమూ నేనే కదా నీళ్ళు పోస్తిని," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. ఆ మాట విన్నాక నేను ఆయన చెట్టును నడుముదాకా నరికి, వచ్చిన చిగుళ్ళకు చిన్నత్త చెట్టు కొమ్మలు అంటుకట్టాను. ఒక్క చెట్టే మిగిలింది, ఇద్దరి పరువూ నిలిచింది. అవ్వకు పండు దక్కింది. మొదలు నాదని ఆయనా, తీపి నాదని ఆవిడా ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంటారు.

మిగతావన్నీ పీకేశారు, నా చెట్టుతో సహా. అవ్వ ఆ పడిపోయిన కొమ్మను నిమిరి, "పరవాలేదు కన్ను, ఆకులు బాగుండె," అని నన్ను ఓదార్చింది. ఇప్పుడు నా ఉద్యోగమే మొక్కల్ని ఏరడం, పనికిరానివి తీసేయడం. పేర్ల జోలికి పోను, అన్నీ నంబర్లే. అయినా పూత రాని మొక్క ఎదురైతే మాత్రం, ఆకులు బాగున్నాయి కదా, ఇంకో ఏడాది చూద్దామని దాటి వెళ్ళిపోతుంటాను.