గౌరవంగా చేయించిన చాకిరీ

డెబ్బైల్లో ఒకసారి పామర్రులో బస్సు తప్పిపోతే ధాన్యం లారీలో బెజవాడకు బయలుదేరాను. మాది కరీంనగర్ వైపు. కృష్ణా జిల్లావాళ్ల 'అండీ'లు నాకు ముచ్చటగా ఉండేవి.

డ్రైవరు సుబ్బారావు ఇల్లరికం వెళ్లి పదేళ్లు స్టీరింగు ముట్టలేదట. అల్లుడు లారీ తోలితే పరువు తక్కువని మామగారే మాన్పించాడు. మళ్లీ బండెక్కి నెల కూడా కాలేదు. గేరు మార్చినప్పుడల్లా లారీ మూలిగేది.

"మరి ఎందుకు వచ్చేశారు?" అన్నాను.

"'అల్లుడుగారూ, గేదెలకి గడ్డి వేశారా అండీ' అనేవోళ్లు. పదేళ్లూ గౌరవంగానే చాకిరీ చేయించారండీ," అని కిటికీలోంచి ఉమ్మాడు.

అతని అత్తారి ఊరు కంకిపాడు దగ్గర తెల్లపంచె పెద్దాయన రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. లారీ నెమ్మదించింది. మామగారే.

"అల్లుడుగారూ, మా పరువు తీయకండి. దిగి ఇంటికి రండి."

"లోడు దింపాలండీ. కాస్త పక్కకి తప్పుకోండి మావయ్యగారూ," అన్నాడు సుబ్బారావు ఎంతో మర్యాదగా, బండి ఆపకుండానే.

పెద్దాయన పంచె ఎగగట్టి పక్కనున్న వరిచేలోకి దిగిపోయాడు.