శాంతమ్మ అత్తమ్మ, హైదరాబాద్ ట్రిప్పు, సంచులు

నిన్న పొద్దున నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయిందిరా" అన్నాడు.

ఏ అత్త అని అడిగాను. మాకున్నది ఒక్క అత్తే. అయినా అడిగాను.

మొన్న ఆదివారం కూడా చర్చిలో గొంతెత్తి పాడిందట. నిన్న తెల్లవారి టీ పెట్టుకుందామని లేచి, మళ్ళీ మంచం మీద కూర్చున్నదట. అంతే.

తెలంగాణ బంద్. బస్సుల్లేవు. హైదరాబాద్ నుంచి బైక్ మీద బయల్దేరాను. నర్సాపూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి, జెండాలు పట్టుకుని కాలేజీ పిల్లలు కూర్చున్నారు. "మా అత్తమ్మ చనిపోయింది తమ్మీ, మెదక్ పోవాలె" అన్నాను. వాళ్ళే లేచి రాళ్ళు జరిపారు. "పైలంగ పో అన్నా" అన్నాడు ఒకతను.

మెదక్ వాళ్ళకు ఆమె గురించి చెప్పక్కర్లేదు. మిగతా ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా.

శాంతమ్మ అత్తమ్మ మా నాన్న చెల్లెలు. చిన్న పిల్లలకు టీచర్. పెళ్ళి చేసుకోలేదు. ఎండాకాలం సెలవులొస్తే ఇంట్లో పిల్లల్ని, పక్కింటి పిల్లల్ని పోగేసి హైదరాబాద్ చూపించుకొచ్చేది. జూ, గోల్కొండ, చార్మినార్, మ్యూజియం. ముందు నేనూ మా చెల్లి. మేం పెద్దయ్యాక బాబాయి కొడుకు ప్రవీణ్ బ్యాచ్. ఆ తర్వాత చిన్న బాబాయి కూతురు సునీత బ్యాచ్.

మా బ్యాచ్ రోజుల్లోనే గల్లీలోకి కేబుల్ వచ్చింది. ఇంట్లో టీవీ పెడితే పులులు, సింహాలు కనిపిస్తున్నాయి కదా, ఇంకా సిటీ ఎందుకు అన్నాడు నాన్న.

"టీవీల పులికి వాసనుంటదా అన్నా?" అన్నది అత్తమ్మ. "పట్నమోళ్ళు వచ్చి మన చర్చి చూసి పోతలేరా? మనం పోయి ఆళ్ళ జూ చూడొద్దా?"



పులిహోర, సకినాలు, నీళ్ళ క్యాన్, తువ్వాళ్ళు, బస్సులో కక్కే వాళ్ళ కోసం నిమ్మకాయలు. జాతరకు పోయినట్టే పోయేవాళ్ళం.

ఇన్ని సంచులతో పోతే ఒకరు కాపలా ఉండాలి కదా. అత్తమ్మ ఉండేది. మ్యూజియంలోకి సంచులు రానివ్వరు. జూలో పులిహోర వాసనకు కోతులు వెంటపడతాయి. "మీరు పోయి రాండ్రి. నేను చూసిందే" అని ఏ చెట్టు కిందో కూర్చునేది.

మ్యూజియంలో పెద్ద గడియారం ఉంది. గంట గంటకూ చిన్న తలుపు తెరుచుకుని ఒక గడ్డం బొమ్మ బయటికొచ్చి, గంట కొట్టి పోతుంది. పన్నెండు గంటలప్పుడైతే దాని ముందు జనం సినిమాకు కూర్చున్నట్టు కూర్చుంటారు.

ఆ బొమ్మను అత్తమ్మ యాక్ట్ చేసేది చూడాలి! వంటింటి తలుపు చాటు నుంచి నడుం వంచి గబగబా వచ్చి, స్టీలు ప్లేటు మీద గరిటెతో టంగ్ టంగ్ అని కొట్టి, మళ్ళీ లోపలికి పరుగెత్తేది. మా చెల్లి అసలు గడియారాన్ని చూసి, "అత్తమ్మనే మంచిగ చేస్తది" అని పెదవి విరిచింది.

నిన్న మట్టి చేసి వచ్చాం. అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాం. ఆ గరిటె సంగతి గుర్తొచ్చి అందరం నవ్వుతున్నాం కూడా.

ప్రవీణ్ అన్నాడు: "మీతోని ఎన్నిసార్లు చూసిందో అన్నా, అంత మంచిగ చేసేది."

"మాతోనా? మాతోని లోపలికి రాలేదురా. మీతోని గదా చూసింది?"

"లేదన్నా. మీతోని చూసిన అన్నది మాకు."

సునీత టీ గ్లాసు కింద పెట్టింది. "మాకేమో ప్రవీణ్ అన్న వాళ్ళతోని చూసిన అన్నది."

మరి మాకేం చెప్పింది? "చిన్నప్పుడు మా నాయినతోని చూసిన" అని చెప్పింది.

నాన్న గోడకు ఆనుకుని వింటున్నాడు. ఆయన్నే అడిగాను.

"మా నాయిననా? ఆయన ఎన్నడు మమ్ముల నర్సాపూర్ దాటియ్యలేదురా" అన్నాడు.

అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి.

గడియారం చూసి మ్యూజియం బయటికి ఉరికొచ్చి, ఒకరి మీద ఒకరు పడి మేం చెప్పే మాటలు. "గడ్డం ఎంతుంది? ఏ చేత్తోని కొట్టిండు? ఉరికిండా, నడిచిండా?" అని ఆమె అడిగే ప్రశ్నలు. మేం సరిగ్గా చూశామో లేదోనని టీచర్ పరీక్ష పెడుతోందనుకున్నాం. మమ్మల్ని అడిగి నేర్చుకుంటోందని ఒక్కరికీ తట్టలేదు. తలా కాస్త చెప్పాం. అవన్నీ కలుపుకుని ఆమె గడియారం చూసింది.

మొన్నామధ్య కంటి పరీక్షకు హైదరాబాద్ వచ్చింది. దవాఖాన నుంచి బైక్ మీద బస్టాండుకు తీసుకెళ్తున్నా. మూసీ బ్రిడ్జి మీద భుజం తట్టి అడిగింది.

"ఆ గడియారం ఇంక నడుస్తుందారా?"

"నడుస్తుందత్తమ్మా. నువ్వు చూసిందే గదా" అన్నాను.

"ఆ, చూసిందే" అన్నది.

మ్యూజియం ఆ బ్రిడ్జి పక్కనే, బండి తిప్పితే అయిపోయేది. నాకు పెద్ద పనేం లేదు. ఊరికే తొందర. రాత్రి నుంచి ఆ బ్రిడ్జి మీదే ఉన్నాను.

ట్రిప్పు ఫోటోలు పెడదామని వెతికాను. అన్నిట్లో మేమే పళ్ళికిలించుకుని ఉన్నాం. ఆమె ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఈ పోస్టుకు ఫోటో లేదు.

దేవుని దగ్గర నెమ్మదిగ ఉండు అత్తమ్మా.

సంచులు ఇటియ్యి, మేం పట్టుకుంటం. పన్నెండు కావస్తుంది. నువ్వు లోపలికి పో. ముందర వరుసల కూసో.