శుక్రవారపు డాక్టర్లు, అమ్మ లంఖణం

మా జాగీరు ఊళ్ళు ఒక్కొక్కటే చేజారిపోయాక వనపర్తిలో మాకు మిగిలింది ఒక పాత భవంతి. దాని ముందు హాలు కిరాయికి ఇమ్మని అడిగినవాళ్ళకు నేను జవాబు కూడా చెప్పలేదు. దవాఖాన డాక్టరు సాబు అడిగింది వేరు. నెలకో శుక్రవారం, నిజాం సర్కారు సెలవునాడు, చుట్టుపక్కల డాక్టర్లు కూర్చుని చదువుకోవడానికి జాగా కావాలన్నాడు. చదువుకు మా గడప ఎన్నడూ అడ్డం కాలేదు.

ఆయనకు లండను నుంచి ఒక వైద్య పత్రిక నెలల ఆలస్యంగా వచ్చేది. అందులో ఒక వ్యాసం గట్టిగా చదివి, ఉర్దూలో విడమరచి చెప్పేవాడు. నాగర్‌కర్నూల్ నుంచి తల నెరిసిన పెద్ద డాక్టరు బస్సులో వచ్చేవాడు. గద్వాల నుంచి ఒక యువ డాక్టరు రైలు దిగి, స్టేషను నుంచి ఎడ్లబండిలో వచ్చేవాడు. ప్రతి కొత్త మాటనూ ముగ్గురూ తమ రోగులతో సరిచూసుకునేవారు. కుదరకపోతే, మన రోగులు ఈ పత్రిక చదవలేదు కదా అని పెద్దాయన ఎత్తిపొడిచేవాడు.

చదువయ్యాక భోజనం మా ఇంట్లోనే. మధ్యాహ్నం వేళ వచ్చిన మనిషి తినకుండా మా గడప దాటడం తాతల నాటి నుంచీ లేదు. వాకిట కట్టిన ఏనుగులు పోయాయి గాని ఆ పద్ధతి పోలేదు.

ఒక వానాకాలం అమ్మకు టైఫాయిడు వచ్చింది. లంఖణం పరమౌషధమని ఆమె నమ్మకం. మా తాత అటువంటి జ్వరం నుంచి లంఖణాలతోనే లేచాడట. బార్లీ నీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. రెండో వారానికి పక్క మీద ఒత్తిగిలే శక్తి కూడా లేదు. ఇట్లాగే ఉంటే జ్వరం కన్నా ముందు నీరసమే ఆమెను తీసుకుపోతుందని డాక్టరు సాబు నాకు చాటుగా చెప్పాడు. జావ తాగమని ఆయన రోజూ బతిమాలేవాడు, ఆమె మొహం తిప్పుకునేది.

శుక్రవారం వచ్చింది. చదువు ఆపిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. హాలు పక్క గదిలో, తెర వెనక పడుకుని, నీరసపు గొంతుతోనే వంటలు పురమాయించింది.

ఆ రోజు డాక్టరు సాబు కావాలనే టైఫాయిడు రోగుల ఆహారం మీది వ్యాసం తీశాడు. మెత్తని తిండి కొద్దికొద్దిగా పెడితే రోగులు తట్టుకుంటున్నారని దాని సారం. పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. “పేగులల్ల పుండ్లుంటయి. తిండి పడితే చిల్లు పడ్తది. అట్ల పోయిన మనిషిని నా కండ్లతోటి చూసిన” అన్నాడు.

“ఉపాసంతోటి పోయినోళ్ళను గూడ చూసిండ్రు గద?” అన్నాడు డాక్టరు సాబు.

పెద్దాయన పత్రిక తన చేతికి తీసుకుని, అద్దాలు పెట్టుకుని, ఆ పుటలు మొదటి నుంచి చదివాడు. చాలాసేపటికి, సగ్గుబియ్యం జావ, పాలు ఇచ్చి చూడవచ్చని మెల్లగా అన్నాడు.

విస్తర్లు వేశారు. వడ్డన అయింది. డాక్టరు సాబు చేయి ఒళ్ళోనే పెట్టుకుని తెర వైపు తిరిగాడు.

“అమ్మా, మీరు జర జావ తాగితేనే మేం ముద్ద ముడ్తం. లేకుంటే గిట్లనే లేస్తం.”

తెర వెనక నుంచి సన్నని గొంతు: “ఇంత చదివినోళ్ళు విస్తరి ముందల అలుగుతరా?”

“అలుగుడు మీ తాననే నేర్చుకున్నం.”

గద్వాల డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. పెద్దాయన అప్పటికే కలిపిన ముద్దను విస్తట్లో పెట్టేశాడు. “నాకైతే ఆకలైతుందమ్మా. పొద్దుగాల బస్సెక్కినోణ్ణి. జల్ది తాగుండ్రి.”

“తే నాయనా” అంది అమ్మ నాతో. “అతిథులు ఉపాసముండొద్దు.”

గిన్నె నేనే పట్టుకున్నాను. గుక్కకూ గుక్కకూ మధ్య ఆయాసపడుతూ సగం తాగింది. హాల్లో ఎవరూ కదల్లేదు. నేను తెర తీసి తలూపాక గాని ముగ్గురూ చేయి పెట్టలేదు.

ఆనాటి నుంచి ఆమెకు జావ, పాలు మొదలయ్యాయి. జ్వరం తన గడువు తాను తీసుకునే దిగింది, కానీ దిగేనాటికి అమ్మ మిగిలి ఉంది. తరువాతి శుక్రవారపు చదువులో పెద్ద డాక్టరు, రోగి ఆ ఆహారాన్ని ఎంత బాగా తట్టుకున్నదో గంభీరంగా వివరిస్తుంటే, తెర వెనక నుంచి మాట వినిపించింది.

“తట్టుకున్న మాట నిజమే. అందుల ఉప్పు లేదు. అది గూడ రాసుకోండ్రి.”

గద్వాల డాక్టరు కలం మూత తీశాడు.